ఐదు గంటల ఐదు నిమిషాలు

ఆసియా పటం మీద స్కేలు పెట్టి కొలిస్తే మా ఊరికీ, తూర్పున సముద్రం ఒడ్డునున్న ఆ నగరానికీ మధ్య మూడు వేల తొమ్మిది వందల కిలోమీటర్లు. టికెట్లమ్మే వాళ్లనడిగితే ఇంకో మాట కలుపుతారు: విమానంలో ఐదు గంటల ఐదు నిమిషాలు, వెళ్లినా వచ్చినా అంతే అని. దూరం మాట నిజమే. టైము మాట మాత్రం ఆ చలికాలంలో పచ్చి అబద్ధం. ఎంత అబద్ధమో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలీదు, ఎందుకంటే రోజూ పొద్దున్నే దాన్ని కాగితం మీద ఎక్కించి కింద సంతకం పెట్టింది నేనే.

నేను డిస్పాచర్‌ని. ప్రయాణికులకి మేం కనిపించం. విమానాశ్రయం వెనక వైపు కిటికీల్లేని గదిలో కూర్చుని, విమానం ఏ దారిన వెళ్లాలి, ఎంత ఎత్తున ఎగరాలి, పైన గాలి ఎలా ఉంది, ఇంధనం ఎంత కావాలి, ఎన్ని గంటలు పడుతుంది అని లెక్కకట్టి కాగితం తయారు చేస్తాం. దాని మీద నా సంతకం ఒకటి, కెప్టెన్ సంతకం ఒకటి. రెండూ ఉంటేనే విమానం కదులుతుంది.

ఇంట్లో ముగ్గురం. మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. మా చెల్లెలు మా కంపెనీలోనే కో-పైలట్. "ఒకరం నేల మీద తోలతాం, ఒకరు గాల్లో తోలతారు, నువ్వు మాత్రం కాగితం మీదే తోలేస్తావు" అని మా ఆయన నన్ను ఆటపట్టించేవాడు. ఆ చలికాలం సగానికొచ్చేసరికి ఆ మాట అనడం మానేశాడు.

చలికాలంలో పైన పడమటి గాలి ముదురుతుంది. తూర్పుకి వెళ్లే విమానాన్ని వెనక నుంచి తోస్తుంది. తిరిగొచ్చేదానికి ఎదురు నిలబడుతుంది. వెళ్లేటప్పుడు అరగంట కలిసొస్తే, వచ్చేటప్పుడు గంట పైగా పోతుంది. కలిసొచ్చిన ఆ అరగంట కూడా సిబ్బందికి మిగలదు. ముందే దిగినా తిరుగు ప్రయాణం రాసిన టైముకే కాబట్టి అక్కడే కూర్చోవాలి. మా లెక్కలో వచ్చేటప్పుడు ఆరు గంటల పది నిమిషాలు. ఇది కొత్త సంగతేం కాదు, ప్రతి ఏడూ ఉన్నదే. అందుకే అంతకు ముందు చలికాలాల్లో ఒక జట్టు విమానాన్ని తీసుకెళ్లి అక్కడే ఉండిపోయేది, ముందు రోజు వెళ్లిన జట్టు దాన్ని తిరిగి తెచ్చేది.

ఆ ఏడాది పైలట్లు చాలామంది వేరే కంపెనీలకి వెళ్లిపోయారు. ఉన్నవాళ్లతోనే నెట్టుకురావాలన్నారు. ఒకే జట్టు పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చెయ్యాలని నవంబరు మధ్యలో తీర్మానం చేశారు. పైలట్ల డ్యూటీ పన్నెండు గంటలు దాటకూడదని రూలు. ఐదింటికి డ్యూటీ ఎక్కి, ఆరింటికి బయల్దేరి, వెళ్లేందుకు ఐదు గంటల ఐదు నిమిషాలు, అక్కడ యాభై నిమిషాలు ఆగి, వచ్చేందుకు మళ్లీ ఐదు గంటల ఐదు నిమిషాలు వేసుకుంటే సాయంత్రం ఐదు. తూకం వేసినట్టు సరిగ్గా పన్నెండు గంటలు.

మా ఆపరేషన్స్ మేనేజర్ని అందరం చాటున సర్దుబాటు గారనేవాళ్లం. ఏ చిక్కొచ్చినా "సర్దుకుందాం" అనడం ఆయన అలవాటు. సర్దుకునేది ఎప్పుడూ ఆయన కాదు. నన్ను గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, కాఫీ తెప్పించి మరీ చెప్పాడు. ఇంధనం ఆరు గంటల పదికే నింపాలి, అందులో ఆయన రాజీ పడడు. సిబ్బంది కాగితంలో మాత్రం వచ్చే టైము ఐదు గంటల ఐదు నిమిషాలనే వెయ్యాలి.

ఒకే విమానం, ఒకే దారి, ఒకే రోజు, రెండు టైములెలా ఉంటాయని అడిగాను.

"గాలి మారొచ్చు కదమ్మా. ఒకవేళ ఆలస్యమైతే రూల్లోనే దారుంది" అన్నాడు.

నిజమే, ఉంది. అనుకోని కారణం ఏదైనా ఎదురైతే కెప్టెన్ తన ఇష్టంతో పన్నెండు గంటల పైన ఇంకో రెండు గంటలు నడపొచ్చు. దిగాక ఓ ఫారం నింపి కారణం రాయాలి. హఠాత్తుగా తుపాను పట్టుకుంటేనో, కిందున్న రన్‌వే మూసేస్తేనో పనికొస్తుందని పెట్టిన రూలది. చలికాలంలో ఎదురుగాలి అనుకోనిదెలా అవుతుంది? రోజూ వచ్చేదాన్ని అనుకోనిదని ఎవరంటారు? ఇంధనానికి చెప్పే నిజాన్ని మనుషులకి చెప్పకూడదట. ట్యాంకు సగంలో ఎండిపోకూడదు, కాక్‌పిట్‌లో కూర్చున్న మనిషి ఎండిపోయినా ఫర్వాలేదు.

ఇదంతా ఇవాళ ఇంత ధాటిగా చెబుతున్నాను గానీ ఆ రోజు ఆయన గదిలో ఇందులో ఒక్క ముక్కా అనలేదు. కాఫీ తాగాను. తలూపాను. సీనియర్ డిస్పాచర్ పదవి జనవరిలో ఖాళీ అవుతుందని నాకు తెలుసు. వచ్చే జూన్‌లో చెల్లెల్ని కెప్టెన్ చేసే జాబితా కూడా ఆయన చేతిలోనే ఉందని తెలుసు. మర్నాటి నుంచి సంతకాలు పెట్టడం మొదలుపెట్టాను.

ఆ దారిలో వారానికి నాలుగు రోజులు చెల్లెలి డ్యూటీ. పక్కన కెప్టెన్ ఎక్కువగా మాస్టారు. మా కంపెనీలో సగం మంది పైలట్లకి విమానం నడపడం నేర్పింది ఆయనే కాబట్టి ఆ పేరు. రిటైరవడానికి తొమ్మిది నెలలుంది. పొద్దున మూడున్నరకి లేచి వెళ్లిన చెల్లెలు సాయంత్రం ఆరింటికో ఆరున్నరకో దిగి, కాగితాలు ముగించుకుని ఏడున్నరకి ఇంటికొచ్చేది. మొదటి రెండు వారాలు కబుర్లు చెప్పింది. తర్వాత తిని పడుకోవడమే. డిసెంబరులో ఓ రోజు ఒక కాలి బూటు విప్పి, రెండోది విప్పకుండానే గుమ్మం పక్క స్టూలు మీద గోడకి తల ఆనించి నిద్రపోయింది. మా ఆయన ఆ రెండో బూటు విప్పి, నన్ను పిలిచి, ఇద్దరం లేపి మంచం మీదకి నడిపించాం. ఇంకో రోజు స్కూటర్ మీద ఎర్ర సిగ్నల్ దాటేసింది. చూసిన పోలీసు ఆపి అడిగితే, సిగ్నల్ ఉందన్న సంగతే గుర్తులేదందట. ఆ మర్నాటి నుంచి స్కూటర్ తాళం మా ఆయన జేబులో పెట్టుకుని తనే దింపి రావడం మొదలుపెట్టాడు.

ఓ ఆదివారం గిన్నెలు కడుగుతుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు. తన డిపోలో ఎనిమిది గంటలు దాటితే స్టీరింగ్ ముట్టుకోనివ్వరని, బ్రతిమాలినా తాళం ఇవ్వరని అన్నాడు. బస్సులో యాభై మంది ఉంటారు కదా, అందుకని.

"మీ దాంట్లో ఎంతమంది?" అన్నాడు.

"నూట అరవై ఎనిమిది."

"మరి?"

కడిగిన గిన్నెనే మళ్లీ కడిగాను. పెళ్లైన తొమ్మిదేళ్లలో నా మొగుడి ముందు నేను తల దించుకున్నది అప్పుడే.

జనవరి రెండో వారం, బుధవారం. మధ్యాహ్నం నాలుగు దాటింది. మా విమానం తిరుగు దారిలో ఉంది. నా తెర మీద చిన్న పచ్చ గుర్తు పడమటికి నెమ్మదిగా పాకుతోంది. ఫోను మోగింది. దారి మధ్యనున్న కంట్రోల్ సెంటర్ వాళ్లు. మీ విమానం మేం పిలిస్తే పలకడం లేదు, మీకేమైనా తెలుసా అన్నారు.

మాకు కాక్‌పిట్‌కి సందేశం టైపు చేసి పంపే వీలుంది. అక్కడ ఓ చిన్న తెర మీద పడుతుంది. "కంట్రోల్ పిలుస్తోంది, జవాబివ్వండి" అని పంపాను. జవాబు రాలేదు. మళ్లీ పంపాను. కంట్రోల్ వాళ్లు ఆ దగ్గరలో ఎగురుతున్న ఇంకో కంపెనీ విమానం చేత కూడా పిలిపిస్తున్నామన్నారు. దానికీ పలకలేదు. పచ్చ గుర్తు మాత్రం గీత గీసినట్టు తిన్నగా కదులుతూనే ఉంది. విమానం తన దారి తను పోతోంది, లోపల మనుషులున్నట్టు లేదు. మూడోసారి టైపు చేస్తుంటే వేళ్లు పక్క అక్షరాల మీద పడ్డాయి. పక్క బల్ల ఆయన లేచి వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. సిబ్బంది జాబితా తెరవలేదు నేను. అందులో ఏ పేర్లున్నాయో నాకు చూడనక్కర్లేదు.

పద్దెనిమిది నిమిషాలు. అన్ని నిమిషాలూ నేను ఒకటే చూస్తూ కూర్చున్నాను: ఆ రోజు కాగితం. బల్ల మీదే ఉంది. ఇంధనం పేజీలో ఆరు గంటల పది. సిబ్బంది పేజీలో ఐదు గంటల ఐదు. కింద నా సంతకం, చక్కగా, తీరిగ్గా పెట్టింది.

తర్వాత తెర మీద జవాబు వచ్చింది. రేడియో పొరపాటున వేరే ఫ్రీక్వెన్సీలో ఉండిపోయింది, అంతా బాగానే ఉంది అని. పక్క బల్ల ఆయన నా భుజం తట్టి వెళ్లాడు. సర్దుబాటు గారు గదిలోంచి బయటికొచ్చి, రేడియో అట కదా, ఇలాంటివి మామూలేనని, రిపోర్టులో ఆ ముక్కే రాసి ముగించమని చెప్పి వెళ్లిపోయాడు. నేను అలాగే రాశాను. రేడియో అనే నమ్మాలనుకున్నాను.

మర్నాడు చెల్లెలికి సెలవు. మధ్యాహ్నం డ్యూటీ కాబట్టి నేనూ ఇంట్లోనే ఉన్నాను. మేడ మీద బట్టలు ఆరేస్తోంది. నేను వెళ్లి బకెట్లోంచి ఒక్కోటీ తీసి అందిస్తున్నాను. దాని తెల్ల చొక్కా దులిపి తీగ మీద వేసి, క్లిప్పు పెడుతూ చెప్పింది.

"రేడియో కాదక్కా. నిద్రపోయాం."

మాస్టారు నిద్రపోయారా అన్నాను.

"ఇద్దరం."

తిరిగొచ్చేటప్పుడు మధ్యాహ్నం ఎండ సూటిగా ముఖం మీద పడుతుందట. అద్దానికి తెర దించుకున్నారు. లోపల వెచ్చగా ఉంది. మాస్టారు ఏదో చెబుతూ చెబుతూ ఆగిపోయారు. ఆయన్ని ఓ పది నిమిషాలు పడుకోనిద్దాం, నేను చూసుకుంటాను కదా అనుకుందట. తర్వాత ఏం జరిగిందో దానికి తెలీదు. కాఫీ కావాలా అని అడగడానికి వెనక నుంచి క్యాబిన్ సిబ్బంది పెద్దావిడ ఫోను చేసింది. రెండుసార్లు మోగితే ఎత్తలేదు. మూడోసారి మోగిన గంటకి చెల్లెలు లేచింది. తెర మీద నా సందేశాలు మూడూ వరసగా ఉన్నాయి. మూడోదాంట్లో అక్షరాలు తప్పుగా పడ్డాయి, అది చూసి ఆ పంపింది నేనేనని గుర్తుపట్టిందట.

బకెట్ పక్కనే కూర్చుండిపోయాను. అది మిగిలిన బట్టలు తనే తీసి ఆరేసుకుంది.

"రోజూ చూస్తూనే ఉన్నానక్కా, ఆ కాగితం మీద నీ సంతకం" అంది. తిట్టినట్టు కూడా అనలేదు. తిట్టుంటే బావుండేది.

ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకోబోయింది. మాస్టారికి ఏడు నెలలే ఉంది, ఈ మాట బయటికి పొక్కితే ముప్పై రెండేళ్ల సర్వీసుకి చివరి మాట అదే అవుతుంది అంది. నేను ఒట్టు వెయ్యలేదు, కాదనీ అనలేదు. కిందకి దిగొచ్చాను.

శుక్రవారం పొద్దున నా డ్యూటీ. కాగితంలో రెండు పేజీల్లోనూ ఆరు గంటల పది వేశాను. డ్యూటీ పదమూడు గంటల ఐదు నిమిషాలని కంప్యూటర్ ఎర్రగా చూపించింది, విమానం కదలడానికి వీల్లేదంది. ఆ ఎరుపు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. రెండు నెలల తర్వాత ఆ యంత్రానికి నేను నిజం చెప్పాను, అది చెయ్యాల్సిన పని చేసింది.

సర్దుబాటు గారు ఇంటి నుంచి పరుగున వచ్చాడు. ఈసారి కాఫీ లేదు. ఇవాళ్టికి పాత టైమే వేసి పంపమన్నాడు, రేపు మాట్లాడుకుందామన్నాడు.

"నేను వెయ్యను సార్."

"ప్రయాణికులు ఎక్కి కూర్చున్నారమ్మా."

"అందుకే వెయ్యను."

ఆయన పక్క బల్ల వైపు తిరిగాడు. మొన్న బుధవారం నా భుజం తట్టిన మనిషే నా వైపు చూడకుండా అంకె మార్చి సంతకం పెట్టాడు. పదిహేను నిమిషాల ఆలస్యంతో విమానం లేచింది. ఆయన్ని నేనేమంటాను? యాభైకి పైగా సంతకాలు పెట్టినదాన్ని.

సోమవారానికల్లా నన్ను పోయిన సామాన్ల కౌంటర్‌కి మార్చారు. మనుషుల్తో మెలిగే నేర్పు మీకుంది కాబట్టి, అని ఉత్తర్వులో రాశారు.

ఆ వారమే విమానయాన అధికారులకి ఉత్తరం రాశాను. అరవై ఒక్క రోజుల తిరుగు ప్రయాణాల్లో ఎన్నిటికి లేచింది, ఎన్నిటికి దిగింది, సిబ్బంది పేజీలో ఏం వేశాం, ఇంధనం పేజీలో ఏం వేశాం, నాలుగు వరసల్లో పెట్టాను. సంతకాల్లో నావి ఎన్నో కూడా రాశాను. నిద్ర మాట ఎత్తలేదు. చెల్లెల్ని, మాస్టారిని బయట పెట్టకుండా తప్పు మాత్రమే చూపించొచ్చని నా తెలివి. అంత తెలివి పనికిరాదు. ఉత్తరం చదివిన వాళ్లు ఆ అరవై ఒక్క రోజుల రికార్డులు తెప్పించారు, అందులో పద్దెనిమిది నిమిషాల మౌనం కనిపించింది, మొదటి పిలుపు మాస్టారికే వెళ్లింది.

చెల్లెలు నాతో మాట్లాడ్డం మానేసింది. ఇంట్లో ముగ్గురమే కాబట్టి నాతో చెప్పాల్సినవి వాళ్ల బావకి చెప్పేది. "బావా, ఆ నీళ్ల సీసా ఇటిమ్మను." నేను చేతికందిస్తే ఆయనకి థాంక్స్ చెప్పేది. ఆయన ఇద్దరి మధ్యా కూర్చుని, తనకి బస్సులో కూడా ఇంతమంది మాట మొయ్యాల్సిన పని లేదని గొణుక్కునేవాడు. నవ్వేవాళ్లెవరూ లేరు.

ఫిబ్రవరి మొదట్లో ఓ సాయంత్రం అలాగే బావతో చెప్పింది, నాకు వినబడేలా. సర్దుబాటు గారు దాన్ని పిలిపించాడట. విచారణలో నువ్వు మెలకువగానే ఉన్నావని చెప్పు అన్నాడట. కెప్టెన్ గారు కునుకు తీశారు, నువ్వు రేడియో సరిచేసే పనిలో ఉన్నావు. పెద్దాయన ఎలాగూ రిటైరయ్యేవాడే. జూన్‌లో నీ కెప్టెన్ సీటు నీకుంటుంది. సర్దుకుందాం.

చెప్పడం ముగించి, కంచం వైపే చూస్తూ, "అక్కయితే ఏం చేస్తుందో అడుగు బావా" అంది.

ఆయన నా వైపు తిరిగాడు. ఆ మనిషి గురించి నా నోటికొచ్చినవన్నీ అనాలనిపించింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని, నీ బతుకు నువ్వు చూసుకోవే, అబద్ధం చెప్పెయ్యి అనాలని కూడా అనిపించింది. రెండోదే ఎక్కువ అనిపించింది, దాచడం దేనికి.

"అబద్ధం చెప్పమని అనలేను. నిజం చెప్పమనే మొహం నాకు లేదని చెప్పండి" అన్నాను.

విచారణ ఓ మామూలు ఆఫీసు గదిలో జరిగింది. పొడుగాటి బల్ల, నీళ్ల గ్లాసులు, గోడకి వేలాడే క్యాలెండరు. అవతల ముగ్గురు అధికారులు. మధ్యలో కూర్చున్నావిడ నా ఉత్తరానికి రంగు కాగితాలు అంటించి తెచ్చింది. కాగితాల లెక్క వివరించడానికి నన్నూ పిలిచారు. మాస్టారు యూనిఫాంలో వచ్చారు, మెడ దగ్గర చొక్కా వదులైంది. సర్దుబాటు గారు కంపెనీ తరఫున మాట్లాడాడు. ఎదురుగాలి అనుకోనిదేనని, ఒక్క మనిషి అలసత్వాన్ని కంపెనీ పద్ధతికి అంటగట్టడం న్యాయం కాదని, కెప్టెన్ ముందు రోజు సరిగా విశ్రాంతి తీసుకోలేదని తమకి సమాచారం ఉందని. ముప్పై రెండేళ్లు పనిచేసిన మనిషి పక్కనే కూర్చుని ఉండగా, ఆయన ముఖం కూడా చూడకుండా.

తర్వాత చెల్లెల్ని అడిగారు. ఆ పద్దెనిమిది నిమిషాలు మీరేం చేస్తున్నారు అని.

"నిద్రపోతున్నానండి" అంది.

ఆవిడ తలెత్తింది. కెప్టెన్ నిద్రపోయారని మాకు చెప్పారే అంది.

"ఇద్దరం నిద్రపోయాం. ఆయన ముందు, నేను తర్వాత. నేను లేపాలి, లేపలేదు. ఆ వారంలో నాకది మూడో ట్రిప్పు. అంతకు ముందు వారం కూడా ఓసారి కన్ను మూతపడింది, అప్పుడు ఎవరూ పిలవలేదు కాబట్టి మీకు తెలీలేదు."

సర్దుబాటు గారు ఏదో అనబోతే ఆవిడ చెయ్యెత్తి ఆపింది. చెల్లెలు నా వైపు చూడలేదు. దాని చేతులు మాత్రం ఒళ్లో కదలకుండా ఉన్నాయి, నేను అదే చూస్తూ కూర్చున్నాను.

నెలాఖరుకి తీర్పొచ్చింది. మాస్టారి లైసెన్సు ఆరు నెలలు ఆపేశారు, అంటే ఆయన ఉద్యోగం అయిపోయినట్టే. చెల్లెలికి నాలుగు నెలలు ఆపేశారు. కెప్టెన్ సీటు ఇంకో రెండేళ్లదాకా లేదన్నారు. కంపెనీకి మాత్రం సలహా ఇచ్చారు. అదే మాట, సలహా. చలికాలంలో గాలిని బట్టి టైముపట్టిక సవరించుకోవలసిందిగా సూచించడమైనది అని. కళ్లు మూతపడ్డ వాళ్లకి శిక్ష, కళ్లు తెరిచి లెక్క తప్పించిన వాళ్లకి సలహా. సర్దుబాటు గారిని ఇంకో విభాగానికి మార్చారు. ఆ గదికి కిటికీ ఉందట, రన్‌వే కనిపిస్తుందట.

మార్చి మొదటి వారంలో మాస్టారు మా ఇంటికొచ్చారు. చెల్లెల్ని చూడ్డానికి అనుకున్నాను. అది పడుకుని ఉంది. ఆ నెలంతా అది పగలూ పడుకునేది, పాత బాకీ తీర్చుకుంటున్నట్టు. లేపబోతే వద్దన్నారు. మామూలు చొక్కాలో ఆయన్ని చూడ్డం అదే మొదటిసారి, ఇంకెవరో పెద్దాయన అనిపించారు. నా వల్లే మీకిలా జరిగిందని మొదలుపెట్టాను. ఆయన విననట్టే కూర్చుని, మెల్లగా అన్నారు.

"ఇంధనం అంకె నేనూ చూసేవాణ్ణమ్మా. ఆరు గంటల పది. రోజూ చూసేవాణ్ణి. దిగాక ఫారంలో కారణం దగ్గర 'అనుకోని ఎదురుగాలి' అని రాసేవాణ్ణి. ముప్పై మూడుసార్లు రాశాను. నేను పాఠం చెప్పిన పిల్లెవరైనా అలా రాస్తే చెంప పగలగొట్టేవాణ్ణి."

నేనిచ్చిన మంచినీళ్లు తాగి లేచారు. మా ఆయన ఆయన్ని బస్సు స్టాపుదాకా దింపడానికి వెళ్లి, గంట దాకా రాలేదు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేనడగలేదు. ఈలోగా చెల్లెలు లేచొచ్చింది, బల్ల మీద ఖాళీ గ్లాసు చూసి ఎవరొచ్చారంది. నన్నే అడిగింది, బావని కాదు. చెప్పాను. నా పక్కన కూర్చుని, "లేపుండాల్సింది అక్కా" అంది.

కొత్త టైముపట్టిక ఆ నెలలోనే వచ్చింది. గాలి అప్పటికే మెత్తబడుతోంది, అది వేరే సంగతి. తిరుగు ప్రయాణం ఆరు గంటల పది నిమిషాలు, ఒక జట్టు అక్కడే ఉండిపోతుంది. ప్రయాణికుల సౌకర్యార్థం ఈ మార్పు చేశామని ప్రకటన వేశారు. నూట అరవై ఎనిమిది మంది నిద్రపోతున్న ఇద్దరి వెనక కూర్చుని ప్రయాణం చేశారని ఆ ప్రకటనలో ఎక్కడా లేదు.

ఏప్రిల్లో ఓ మధ్యాహ్నం నా కౌంటర్ దగ్గరికి ఒకాయన వచ్చాడు. ఆ విమానంలోనే దిగాడు, పెట్టె రాలేదు. పెట్టె సంగతి కన్నా ఆయనకి టైము సంగతే కోపంగా ఉంది. నెలకోసారి ఇదే దారిలో తిరుగుతానని, ఇన్నాళ్లూ ఐదు గంటలని ఉండేదని, ఇప్పుడేమో ఆరు గంటలు దాటేశారని, దూరమేమైనా పెరిగిందా, మీకు నడపడం చేతకావడం లేదా అని గట్టిగా అడిగాడు. వెనక వరసలో వాళ్లు వింటున్నారు. అలాంటప్పుడు అసౌకర్యానికి చింతిస్తున్నామని చెప్పాలని మాకు రాసిచ్చిన కాగితం ఒకటుంది.

"ఇన్నాళ్లూ ఆరు గంటల పైనే పట్టిందండి" అన్నాను. "మీకు చెప్పలేదు, అంతే."

ఆయనకి అర్థం కాలేదు. నా ముఖంలో ఏం కనిపించిందో గానీ గొంతు మాత్రం తగ్గించాడు. పెట్టె ఏ రంగని అడిగాను. నీలం అన్నాడు, పిడికి తాడు కట్టి ఉంటుందన్నాడు. రాసుకుని, లోపలికి వెళ్లి వెతకడం మొదలుపెట్టాను.